కోటను చూసే చూపు

కరీబియన్ సముద్రంలోని హైతీకి చారిత్రక స్థలాలు చూడబోయిన వారికి తప్పక చూపించేది లాఫెరియేర్ కొండకోట. 1804లో ఫ్రెంచివారిని పారదోలి స్వతంత్రులైన బానిసలు, వారు మళ్ళీ దండెత్తి వస్తారన్న భయంతో కట్టిన కోట అది. 1982లో యునెస్కో దాన్ని స్వేచ్ఛకు చిహ్నంగా గుర్తించింది. నిజమే. కాని ఆ రాళ్ళను కొండపైకి మోసినవారి చేత హెన్రీ క్రిస్టోఫ్ నిర్బంధంగా పని చేయించాడు.

స్వేచ్ఛను కాపాడడానికి స్వేచ్ఛను హరించవచ్చునా? దేశానికి రక్షణ అవసరమే. అయితే ఆ అవసరాన్ని నిర్ణయించినవాడు రాజు, భరించినవాడు కూలి. ఫ్రెంచివారు ఆ కోట మీదికి ఎన్నడూ రాలేదు. 1825లో యుద్ధనౌకలతో వచ్చి 15 కోట్ల ఫ్రాంకుల పరిహారానికి ఒప్పించుకున్నారు. ఆ భారమూ కాఫీ పండించే రైతు మీదనే పడింది.

కోటను మెచ్చుకోవద్దని నేననను. ఆ మెప్పులో కూలివాని వాటా ఎంతో అడగకుండా కొండ దిగవద్దంటాను.