పులి అందరిదైతే భారం ఎవరిది?

సిర్పూర్, కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ వైపు ఒకప్పుడు పులి కనిపించిందంటే ఏడాది పొడవునా చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు చలికాలం మొదలైతే చాలు, ఒక కబురు పాతబడక ముందే ఇంకో కబురు వస్తోంది. ఒక గూడెంలో ఎద్దును పట్టింది. ఇంకో ఊరి వాగు ఇసుకలో అడుగులు పడ్డాయి. రోడ్డు దాటుతుంటే ఎవరో ఫోన్లో తీశారు. బడికి వచ్చిన పిల్లలు అడుగుతారు: "సార్, పులులు ఎందుకు ఎక్కువైనయి?" దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: "అడవి మనదా, పులిదా?" మొదటి ప్రశ్నకు జవాబు తెలుసుకోవచ్చు. రెండోది న్యాయానికి సంబంధించినది. ఆదివాసీ టీచర్లుగా మేం రెండింటికీ జవాబు వెతకాలి.

మొదటిదే ముందు చూద్దాం. దేశంలో 2006 లెక్కల ప్రకారం పులులు 1,411. 2022 అంచనా 3,682. మన జిల్లాలకు ఆనుకునే మహారాష్ట్రలో చంద్రాపూర్ వైపు తాడోబా, యవత్మాల్ వైపు టిపేశ్వర్ ఉన్నాయి. అక్కడ పులులు పెరిగాయి, అడవి మాత్రం పెరగలేదు. పులిపిల్ల రెండేళ్లు నిండే సరికి తల్లిని వదిలి తన జాగా వెతుక్కుంటుంది. ముసలి మగపులి ఉన్న చోట పడుచు మగపులికి చోటు ఉండదు. అది నడుస్తుంది. పెన్‌గంగ, ప్రాణహిత దానికి రాష్ట్ర సరిహద్దులు కావు, దాటాల్సిన నీళ్లు మాత్రమే. అలా వచ్చిన ఫల్గుణ అనే ఆడపులి కాగజ్‌నగర్ అడవుల్లోనే పిల్లలను పెట్టింది. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. కానీ వచ్చిన పులులు ఎక్కువగా ఆగుతున్నది కవ్వాల్ లోపల కాదు, దారిలో ఉన్న కాగజ్‌నగర్ వైపు. అంటే గూడేలు, చేన్లు, పశువుల మందలు ఉన్న చోట.

ఇంకో కారణం కూడా ఉంది. పులి ఎంత పెరిగిందో దాన్ని చూసే కళ్లు అంతకన్నా ఎక్కువ పెరిగాయి. అటవీ శాఖ చెట్లకు కెమెరాలు కట్టింది. ప్రతి పశువుల కాపరి చేతిలో ఫోన్ ఉంది. ఒకే పులి రాత్రికి రాత్రి పది, పదిహేను కిలోమీటర్లు నడిచి మూడు ఊళ్లలో కనిపిస్తే, వాట్సాప్‌లో అది మూడు పులులవుతుంది. ఎక్కడో తీసిన పాత వీడియో మన ఊరి పేరుతో తిరుగుతుంది. కాబట్టి 'కనిపించడం పెరిగింది' అన్నా 'పులులు పెరిగాయి' అన్నా ఒకటే మాట కాదని పిల్లలకు మొదట చెప్పాలి. భయపడాల్సిన చోట భయపడాలి. కానీ ఎంత భయపడాలో తెలియాలంటే నిజం తెలియాలి.

మన పెద్దలకు ఆ నిజం నేల చెప్పేది. అడుగు ఎంత వెడల్పు, అంచులు ఎండాయా లేదా, మంచు పడక ముందుదా తర్వాతదా, లంగూర్ ఏ చెట్టు మీద అరిచింది, పశువులు ఎందుకు ఆ పొద దగ్గర ఆగాయి, ఇవన్నీ చదివేవాళ్లు. ఆరేళ్లకే ఆశ్రమ పాఠశాలకు వచ్చిన పిల్లలకు ఆ చదువు అందలేదు. వాళ్లు తెలుగు చదవగలరు, లెక్కలు చేయగలరు, వాగు ఇసుక మీద రాసింది చదవలేరు. అందుకే పులి తాతకు ఒక జాడగా తెలిసింది, మనవడికి ఒక వీడియోగా తెలుస్తోంది.

ఇక రెండో ప్రశ్న. పులి ఎక్కువగా తిరిగేది చలికాలంలో. జత కోసం తిరిగే కాలం అదేనని అటవీ శాఖ వాళ్లు చెబుతారు. పత్తి ఏరే కాలం కూడా అదే. నడుము ఎత్తు పత్తిలో వంగి పనిచేసే మనిషి పులికి మనిషిలా కనిపించదు. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో ఒక్క నెలలో ఇద్దరు పడుచువాళ్లు పులి దాడిలో చనిపోయారు. 2024 నవంబరు చివర కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరడానికి పోయిన యువతి చనిపోయింది. అప్పుడు అధికారులు జాగ్రత్తలు చెప్పారు: గుంపుగా వెళ్లండి, పొద్దెక్కాక వెళ్లి పొద్దు గూకక ముందే రండి, తల వెనక మనిషి ముఖం ఉన్న మాస్కు కట్టుకోండి. ఇవన్నీ ప్రాణం కాపాడే మాటలే. మేమూ పిల్లలకు, తల్లులకు అవే చెబుతాం.

కానీ పత్తి ఏరే కూలీ కిలోల లెక్కన వస్తుంది. రెండు గంటలు ఆలస్యంగా వెళ్లి రెండు గంటలు ముందు వస్తే ఆ నాలుగు గంటల పత్తి ఎవరు ఏరాలి? ఆ కూలీ ఎవరు ఇవ్వాలి? మనిషి చనిపోతే పరిహారం ఉంది. ఎద్దు చనిపోతే పంచనామా, ఫొటో, పశువుల డాక్టరు సర్టిఫికెట్ అయ్యాక పరిహారం ఉంది. చలికాలమంతా తగ్గిన కూలీకి, భయంతో బడి మానేసిన పిల్లల చదువుకు ఏ పద్దూ లేదు. పులి దేశానిది అంటారు. మంచిదే. మరి దేశం తన పులి కోసం ఏం వదులుకుంది? హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఒక రోజు కూలీ అయినా వదులుకున్నారా? అందరి ఆస్తి అని చెప్పుకునే దాని భారం కొందరి మీదే పడితే, అందరి ఆస్తి అనే మాటలో న్యాయం లేదు.

అలాగని పులి మన శత్రువు కాదు. కొందరు యువకులు కోపంతో 'మందు పెడితే పోతుంది కదా' అంటున్నారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పులులు చనిపోయినప్పుడు, విషం కలిపిన పశువు కళేబరమే కారణమని అటవీ శాఖ చెప్పింది. ఎద్దు పోయిన ఇంటి బాధ మాకు తెలుసు. దున్నే కాలంలో ఎద్దు పోతే ఆ ఇంటికి ఒక ఏడాది పోయినట్టే. అయినా విషం సరైన జవాబు కాదు. విషం పులి దగ్గర ఆగదు, నక్కను, కుక్కను, ఆ వాగు నీళ్లు తాగే మనల్ని కూడా వెతుక్కుంటూ వస్తుంది. పైగా పులి మన మీద ఏ జీవో రాయలేదు, మన పట్టా ఆపలేదు. కాగితం చేసిన అన్యాయానికి జంతువు మీద పగ తీర్చుకోవడం మన పెద్దల పద్ధతి కాదు. పులి పోతే జింక, పంది పెరిగి చేనులోకే వస్తాయని వాళ్లకు తెలుసు.

కాగితంతో మాత్రం మాట్లాడాలి. 2025 మే నెలలో కవ్వాల్‌కు, తాడోబాకు మధ్య దారిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో వచ్చింది. మన గూడేలను అడగలేదని ఆదివాసీలు రోడ్ల మీదకు వచ్చారు, బంద్ చేశారు. జూలైలో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. ఆ పోరాటం పులికి వ్యతిరేకమని కొందరు అన్నారు. అది పులి మీద కాదు, అడగకపోవడం మీద. 2006 అటవీ హక్కుల చట్టం అడగమనే చెబుతోంది. మనిషి, జంతువు కలిసి ఉండడం సాధ్యం కాదని ముందు తేలాలి, గ్రామసభ అన్నీ తెలుసుకుని తనంతట తాను ఒప్పుకోవాలి, ఆ తర్వాతే ఎవరినైనా కదిలించాలి.

కలిసి ఉండడం సాధ్యమేనా? కర్ణాటకలో బిళిగిరి రంగన్న కొండల్లో సోలిగ ఆదివాసీలు ఉన్నారు. అది పులుల అభయారణ్యమే. 2011లో అక్కడి గ్రామసభలకు సామూహిక అటవీ హక్కులు ఇచ్చారు. 2010 లెక్కకూ 2014 లెక్కకూ మధ్య అక్కడ పులులు దాదాపు రెట్టింపయ్యాయి. ఆదివాసికి హక్కు ఇస్తే పులి పోతుందన్న మాట అక్కడ నిజం కాలేదు.

అందుకే మేం పిల్లలకు ఇచ్చే జవాబు ఇది. అడవి మనదా, పులిదా అన్న ప్రశ్నే మనల్ని, పులిని ఎదురెదురుగా నిలబెడుతుంది. అడగాల్సింది వేరు: ఇద్దరం ఉండే అడవిలో నిర్ణయం ఎవరిది, నష్టం ఎవరిది? నష్టం మనదైనప్పుడు నిర్ణయంలోనూ మన పాలు ఉండాలి. ఎద్దు పోయిన పరిహారం దున్నే కాలం లోపల రావాలి. పులి తిరిగే రోజుల్లో పత్తి కూలీలు పోగొట్టుకునే గంటలకు లెక్క కట్టాలి. జాడలు తీసే పని మన గూడెం యువకులకే, నెలనెలా జీతంతో ఇవ్వాలి. ఇవి గ్రామసభలో తీర్మానం చేసి రాతలో పెట్టి అడగగలిగినవి.

మన వైపు నుంచి చేయాల్సినవీ ఉన్నాయి. ఏ ఊరిదో తెలియని వీడియో పంపకూడదు. పొద్దు గూకాక పశువును అడవి లోపల వదలకూడదు. టీచర్లు నెలకొక్క రోజు గూడెం పెద్దను బడికి పిలిచి, పిల్లలను వాగు దాకా తీసుకెళ్లి, జాడ చదవడం నేర్పించాలి. సిలబస్‌లో లేదని ఆగనక్కర్లేదు. పులి ఇటు వచ్చిందని ఇంకొకరు ఫోన్ చేసి చెప్పే వరకు మన పిల్లలకు తెలియకపోతే, రేపు అడవి గురించి మాట్లాడే చోట మన మాటకు బలం ఉండదు.