కృతజ్ఞత ఎవరికి?

ఇంగ్లీషువాళ్లు తమ జీవితాన్ని గురించి చెప్పుకునేటప్పుడు తరచు వాడే మాట ఒకటున్నది: "వియ్ హావ్ మచ్ టు బి థాంక్‌ఫుల్ ఫర్". కృతజ్ఞులమై ఉండటానికి మాకు ఎన్నో కారణాలున్నాయి అని దీని భావం. కారణాలున్నాయంటారు గాని, కృతజ్ఞత ఎవరికో చెప్పరు. ఆ చెప్పకుండా వదిలేసిన మాటను గురించే నేనిక్కడ ఆలోచించదలిచాను.

ఇది వట్టి వ్యాకరణ విషయమని కొందరనవచ్చు. వ్యాకరణం నుంచే మొదలుపెడదాం. ఇంగ్లీషులో కృతజ్ఞత చెప్పటానికి రెండు చిన్న మాటలు తోడు వస్తాయి. "టు" అంటే ఫలానా మనిషికి. "ఫర్" అంటే ఫలానా మేలుకు. రెండూ కలిసి ఉన్నంతవరకూ చిక్కులేదు. "టు" జారిపోయి "ఫర్" ఒక్కటే మిగిలినప్పుడు మేలు కనబడుతుంది, చేసినవాడు కనబడడు. "థాంక్‌ఫుల్", "గ్రేట్‌ఫుల్" అనే రెండు మాటల్లో మొదటిది ఈ ఖాళీకి ఎక్కువ అలవాటుపడింది. వాన వెలిసినందుకు థాంక్‌ఫుల్ అంటారు. గొడుగిచ్చిన మనిషికి గ్రేట్‌ఫుల్ అంటారు.

వాన వెలవటం వంటి విషయాల్లో ఈ ఖాళీవల్ల నష్టం లేదు. దైవభక్తుడు దానిని దేవుడితో పూరించుకుంటాడు. అది అతని విశ్వాసం, దానితో నాకు పేచీ లేదు. కాని కూలి, తిండి, చదువు, వైద్యం వంటివాటి ప్రసక్తి వచ్చినప్పుడు ఆ ఖాళీ పీటమీద భూస్వామీ, యజమానీ, ప్రభుత్వమూ వచ్చి కూర్చుంటారు. తాము ఏమీ ఇవ్వకుండానే దాతలవుతారు.

ఇందుకు విలియం పేలీ ఒక నిదర్శనం. ఆయన ఇంగ్లండులో మతాచార్యుడు, నీతిశాస్త్ర గ్రంథకర్త. ఫ్రెంచి విప్లవం గాలి తమ కూలిజనానికి సోకుతుందేమోనని ఇంగ్లీషు పాలకులు బెదిరిపోతున్న 1790లలో, బ్రిటిష్ శ్రామికులు సంతృప్తి చెందటానికి గల కారణాలను వివరిస్తూ ఆయన ఒక కరపత్రం రాశాడు. లోకం నాటకశాల వంటిదట. తన చోటును పక్కవాడి చోటుతో పోల్చుకోకుండా నాటకం చూసేవాడే సుఖపడతాడట. విశ్రాంతిలోని హాయి ఒళ్లు వంచి పనిచేసినవాడికే తెలుస్తుందట; పొదుపులోనే ఒక ఆనందమున్నదట. ఇందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. పనిచేసినవాడికి నిద్ర బాగా పడుతుంది. కాని ఆ నిద్ర అతని శ్రమ ఫలం, ఎవరూ దానం చేసింది కాదు. తన చెమటతో తాను సంపాదించుకున్నదాన్నే అతనికి వరంగా చూపించటం ఈ వాదంలోని కిటుకు.

దాదాపు అదే సమయంలో, 1793లో, విలియం గాడ్విన్ "పొలిటికల్ జస్టిస్" అనే గ్రంథంలో దీనికి పూర్తి వ్యతిరేకమైన వాదన చేశాడు. ఒక వస్తువు నాకు న్యాయంగా రావలసి ఉంటే, ఇచ్చినవాడు తన విధిని నెరవేర్చాడు. న్యాయంగా మరొకరికి పోవలసిందాన్ని నాకిస్తే, అతను అన్యాయం చేశాడు. ఏవిధంగా చూసినా కృతజ్ఞతకు తావు లేదు, కనక అది ధర్మంలో భాగం కాదు అంటాడు గాడ్విన్. పేలీ తరవాత గాడ్విన్‌ని చదివితే కిటికీ తెరిచినట్టుంటుంది. అయినా నేను ఆయనతో చివరిదాకా పోలేను. రాత్రంతా మేలుకొని నాకు సేవ చేసిన స్నేహితుడికి మరో పదిమంది రోగులు కూడా ఉండవచ్చు. అతను నా దగ్గర కూచోవటం లెక్కల్లో సరిపోకపోయినా నేను దాన్ని మరిచిపోలేను, మరిచిపోవటం గొప్ప కూడా కాదు. గాడ్విన్ సైతం తరవాతి కాలంలో ఇంటి అనురాగాలకు తన ఆలోచనలో చోటిచ్చాడు.

కనక కృతజ్ఞత ఉండాలా, వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. అందినది కానుకా, బాకీయా అన్నదే ప్రశ్న. ఇంగ్లీషు మాటే ఈ తేడాను చెబుతున్నది. "గ్రేట్‌ఫుల్" అన్న మాటా, ఉచితంగా అనే అర్థమున్న "గ్రాటిస్" అన్న మాటా ఒకే లాటిన్ కుటుంబంలోవి. ఉచితంగా వచ్చినదానికే కృతజ్ఞత. బాకీ తీర్చినవాడికి రసీదిస్తే చాలు.

ఈ తేడాను ఫ్రెడరిక్ డగ్లస్ కన్న స్పష్టంగా గ్రహించినవాళ్లు తక్కువ. ఆయన అమెరికాలో బానిసగా పుట్టి, 1838లో తప్పించుకుపోయి, 1845లో స్వీయచరిత్ర ప్రకటించాడు. బాల్టిమోరులో ఓడల పనిచేసి సంపాదించిన కూలినంతా వారం వారం యజమాని చేతిలో పొయ్యవలసి వచ్చేది. ఆరు డాలర్లు తెచ్చినప్పుడు యజమాని ఒక్కొక్కసారి ఆరు సెంట్లు తిరిగి ఇచ్చేవాడు, ప్రోత్సాహంగా. అంటే నూరోవంతు. ఆ ఆరు సెంట్లు డగ్లస్‌లో కృతజ్ఞత కలిగించలేదు. మొత్తం సొమ్ముమీద తనకు హక్కున్నట్టు యజమాని పరోక్షంగా ఒప్పుకున్నాడని ఆయన అర్థం చేసుకున్నాడు. "చిన్న దయలకు కూడా కృతజ్ఞుడివై ఉండు" అనే ఇంగ్లీషు సామెతకు ఇంతకు మించిన జవాబు నాకు తెలియదు.

బానిసత్వం పోయింది గనక ఇది పాతకథ అనుకోవద్దు. 2020 మార్చి 26 నుంచి పది వారాలపాటు, ప్రతి గురువారం రాత్రి బ్రిటన్ ప్రజలు గుమ్మాల్లో నిలబడి ఆస్పత్రి సిబ్బందికోసం చప్పట్లు కొట్టారు. ఆ ప్రజల కృతజ్ఞత నిజమైనదే. కరోనా వార్డుల్లో ప్రాణాలకు తెగించి పనిచేసినవాళ్లు జీతాన్ని మించినదేదో ఇచ్చారు. ప్రధానమంత్రీ చప్పట్లు కొట్టాడు. మరుసటి మార్చిలో ప్రభుత్వం ఇంగ్లండు ఆరోగ్యసిబ్బందికి నూటికి ఒక్క వంతు జీతం పెంచుదామన్నది. గొడవ జరిగాక, జులైలో అది మూడు వంతులయింది. 2022 డిసెంబరు 15న నర్సులు సమ్మెకు దిగారు. చప్పట్లు కొట్టినవాళ్లందరూ ఒకటి కాదు. ఇరుగుపొరుగువాళ్లు ఇవ్వగలిగింది చప్పట్లే. ప్రభుత్వం ఇవ్వవలసింది జీతం. బాకీ ఉన్నవాడు చప్పట్లు కొట్టి సరిపెట్టరాదు.

మన మాట "కృతజ్ఞత"లో జ్ఞానమున్నది: చేసినదాన్ని ఎరిగి ఉండటం. ఇంగ్లీషు "థాంక్" కూడా ఆలోచించటం అనే అర్థమున్న "థింక్"తో ఒకే మూలంనుంచి పుట్టింది. ఇచ్చిందెవరు, ఎవరి సొమ్ము ఇచ్చారు అన్న ఆలోచన లేకుండా కృతజ్ఞుడైనవాడికి ఈ మాట చెల్లదు.

స్కాలర్‌షిప్పుతో చదువుకునే విద్యార్థికి వేదికలమీదనుంచి కృతజ్ఞత బోధించే పెద్దలు మనకూ ఉన్నారు. సబ్బుబిళ్ల కొన్నప్పుడల్లా ఆ విద్యార్థి తల్లి కూడా పన్ను కడుతున్నదని వాళ్లు చెప్పరు. అతనికి స్కాలర్‌షిప్పు హక్కు. అది ఆలస్యమైతే గట్టిగా అడగాలి. అడిగితే కృతఘ్నుడన్న నింద పడుతుందని జంకనక్కరలేదు. బడి వదిలాక అర్థంకాని లెక్కకోసం గంటసేపు అతనితో కూచున్న ఉపాధ్యాయుడు ఒకరుంటే, ఆ గంట ఏ ఉత్తరువులోనూ రాసి లేదు. దానికి అతను కృతజ్ఞుడుగా ఉంటే ఎవరికీ తలవంచినట్టు కాదు.