అడిగావు సరే, కాసేపు ఉండు

ఏం నాయనా, ఐఆర్‌సీ చాట్‌లోకి వెళ్లావట, ఎవరూ పలకలేదని వచ్చేశావట! ఎంతసేపు ఉన్నావేమిటి? రెండు నిమిషాలా? తలుపు కొట్టి, లోపలివాళ్లు లేచి వచ్చేలోపే వీధి మలుపు తిరిగేస్తే, పాపం తలుపు తీసినవాళ్లు ఎవరితో మాట్లాడాలి?

1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయ్‌కారినెన్ అనే కుర్రాడు మొదలుపెట్టింది అది. నీ వాట్సాప్ అయితే నువ్వు లేనప్పుడు వచ్చిన మాట దాచి మరీ ఇస్తుంది. ఇది మామూలుగా అలా దాచదు. నువ్వు ఉన్నంతసేపే నీకు వినపడుతుంది, వెళ్లిపోయాక ఎంత మంచి జవాబు వచ్చినా నీకు అందదు. అందుకే ఉండమంటున్నాను. పక్కన వందల పేర్లు కనిపిస్తాయి కదా, వాళ్లందరూ తెర ముందే కూర్చున్నారనుకోకు. చాలామంది ప్రోగ్రాం తెరిచి పెట్టి వాళ్ల పని వాళ్లు చేసుకుంటుంటారు.

వెళ్లడం పెద్ద కష్టమేం కాదులే. 2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ నుంచి బయటికొచ్చిన నిర్వాహకులు పెట్టుకున్న లిబెరా చాట్ ఉంది, అది బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది. పేరొకటి పెట్టుకుని, హాష్ గుర్తుతో చానల్ పేరు, అంటే చాట్ గది పేరు, కొడితే చాలు. ఇష్టం కుదిరాక వీచాట్ ప్రోగ్రామో మరొకటో వేసుకుందువుగాని.

లోపలికి వెళ్లగానే పైన ఉన్న టాపిక్ చదువు. ఆ చానల్ పద్ధతులు తరచు అక్కడే ఉంటాయి. 'లినక్స్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా' అని అడిగి ఊరుకోకు. ఏ వెర్షను, ఏం చేశావు, ఏ ఎర్రర్ వచ్చింది, అంతా ఒకేసారి చెప్పి ఆగు. అలాగని ముప్ఫై లైన్ల ఎర్రర్ తెచ్చి కుమ్మరించకు, సర్వరే నిన్ను గెంటేయొచ్చు. పేస్ట్ సైట్లో పెట్టి లింకు ఇవ్వు. తెలుగులో రాస్తే మరీ పొట్టిగా రాయి. ఒక్కో సందేశానికి మొత్తం 512 బైట్లే హద్దు. మన 'క'కి మూడు బైట్లు, దానికి గుడి దీర్ఘం పెడితే ఇంకో మూడు. పొడుగు వాక్యం రాశావో, తోక తెగిపోవచ్చు.

పాస్‌వర్డ్ దగ్గర మాత్రం తొందర అసలు వద్దు. పేర్ల నమోదు చూసే నిక్‌సర్వ్‌కి పాస్‌వర్డ్ పంపేటప్పుడు, కమాండ్ మొదట్లో ఉండే స్లాష్‌కి ముందు పొరపాటున ఒక్క ఖాళీ పడిందా, అది కమాండ్ కాదు, మామూలు మాటైపోతుంది. నీ పాస్‌వర్డ్ చానల్ మొత్తానికీ కనిపిస్తుంది. పోయిన మాట వెనక్కి రాదు, వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోవడమే. చానల్ కిటికీలో కాకుండా సర్వర్ కిటికీలో కొట్టడం అలవాటు చేసుకో. మీ నాన్న బ్యాంకు ఖాతాకీ దీనికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టావంటే మాత్రం చెవి మెలేస్తాను. నోరు కూడా అదుపులో పెట్టుకో. ఉబుంటు చానళ్లలాంటి చోట్ల మాటలన్నీ ఎవరైనా చదివేలా భద్రపరుస్తారు. కోపంలో అన్నది అలాగే ఉండిపోతుంది.

ఉండమన్నాను కదా అని రాత్రంతా మేలుకోకు. మనకి రాత్రి పదకొండంటే యూరప్‌లో ఇంకా సాయంత్రమే. వాళ్లు ఆఫీసుల నుంచి వచ్చి కూర్చునే వేళకి మీ అమ్మ అన్నం మూతపెట్టి నీకోసం ఎదురుచూస్తుంటుంది. అడిగేసి, కిటికీ అలాగే ఉంచి, వెళ్లి తిని పడుకో. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగు మార్చుకో, అది పడుకుంటే కనెక్షన్ తెగుతుంది. పొద్దున పైకి జరిపి నీ పేరు ఎక్కడైనా పడిందేమో చూసుకో.

దారి దొరికాక చప్పుడు చేయకుండా జారుకోకు నాయనా. ఏం చేస్తే కుదిరిందో రెండు ముక్కలు రాయి. ఎవరూ చెప్పకుండా నీకే తట్టినా సరే, రాయి. నీ కోసం ఇంకా వెతుకుతున్నవాళ్లుంటే అప్పుడు ఆపుతారు.