దూరమునుండి వచ్చు స్వస్థత
ధ్యాన భాగము: యోహాను 4:46–54



కపెర్నహూములో కుమారుడు చావ సిద్ధమై యుండగా, ప్రధాని కానాకు వచ్చి ప్రభువును తన యింటికి రమ్మని వేడుకొనెను. ప్రభువు ఆ యింటికి వెళ్లలేదు. ఒక మాట పలికి అతనిని పంపివేసెను. ఆ గడియలోనే జ్వరము పిల్లవానిని విడిచెను. రోగిని చూడక, ముట్టక చేసినది గనుక అది తక్కువ స్వస్థత అందుమా?

ఈ ప్రశ్న నేడు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు సంఘములకు మరియొక రీతిగా వచ్చియున్నది. పత్తి, మిరప చేలలో వంగి పనిచేయువారు, బరువులు మోయువారు, లారీలు నడుపువారు ఒళ్లు నొప్పులకు మాత్రలు వేసికొనుట మనమెరుగుదుము. వాటిలో ట్రామడాల్ వంటివి నల్లమందు జాతికి చెందినవి. వైద్యుని మాట లేక దినదినము మ్రింగినచో, నొప్పి పోయినను మాత్ర మనిషిని విడువదు. అందుచేతనే 2018లో ప్రభుత్వము ట్రామడాలును మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చెను.

“మానివేయుము” అని చెప్పుట మనకు సులభము. అకస్మాత్తుగా మానినవానికి ఒళ్లంతయు నొప్పులు, విరేచనములు, నిద్రలేమి కలుగును. కొన్నాళ్లు మాని, మరల పాత మోతాదే వేసికొనినచో, తట్టుకొను శక్తి తగ్గిన శరీరములో ఊపిరి ఆగి ప్రాణము పోవచ్చును. కాబట్టి ప్రార్థనతోకూడ వైద్యుడును కావలెను. ఇది అవిశ్వాసము కాదు. పౌలుతో నున్న లూకా వైద్యుడే గదా.

అయితే విజయవాడ పెద్దాసుపత్రి నందిగామకు సుమారు 50, జగ్గయ్యపేటకు సుమారు 75 కిలోమీటర్లు. కూలి పోగొట్టుకొని మాటిమాటికి ఎవరు వెళ్లగలరు? 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను సేవను ఆరంభించెను. 14416 నంబరుకు రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే మాటలాడవచ్చును. వ్యసన విముక్తికి 14446 అను నంబరును కలదు.

ఇంకొక సంగతి గ్రహింపవలెను. 2020 మార్చి నాటి దూరవైద్య నియమముల ప్రకారము, మాదకద్రవ్యముల చట్టములోని మందులను వైద్యుడు ఫోనులో వ్రాసి యియ్యరాదు. ఈ వ్యసనమును మాన్పుటకు వాడు బుప్రెనార్ఫిన్ అట్టిదే. కరోనా కాలమున అమెరికాలో రోగిని ఎదుట చూడకయే దానిని ఆరంభింప అనుమతించిరి. మన దేశ నియమము జాగ్రత్త కొరకైనది. ఆ మందే దుర్వినియోగమగుట కలదు. కాబట్టి మనకు ఫోను ద్వారము మాత్రమే. లోపలికి మనిషి నడచి వెళ్లవలెను. అతనితోకూడ ఎవరు వెళ్లుదురు?

ఆ కథను మరల చదువుదము. మాట పలికిన ప్రభువున్నాడు. రోగి కొరకు దారి నడచిన తండ్రి యున్నాడు. పడక యొద్ద నిలిచి, జ్వరము విడిచిన గంటను కనిపెట్టిన దాసులున్నారు. మాట దూరమునుండియే వచ్చెను, గాని రోగి ఒంటరిగా విడువబడలేదు.

మన యొద్ద రోగి ఒంటరియే. అతడు ప్రభు భోజనమునకు లేచినప్పుడు వెనుక వరుసలలో గుసగుసలు పుట్టును. అతని భార్య సంగతి దాచుకొనును. ఫోను 75 కిలోమీటర్లను తగ్గింపగలదు గాని, ప్రక్క యింటికిని మన యింటికిని మధ్యనున్న దూరమును తగ్గింపలేదు. అది మన పని. అతనిది పాపమా, రోగమా యని వాదించుచు కూర్చుండువాడు, ఆ వాదము తీరువరకు గడప దాటడు. ప్రభువు ఆ తండ్రిని అట్టి ప్రశ్న అడుగలేదు.

కాబట్టి సంఘ పెద్దలు నిశ్శబ్దముగా ఫోనులో మాటలాడుకొనుటకు గుడిలో ఒక గది చూపవలెను. ఆసుపత్రికి వెళ్లు దినమున ఒక సహోదరుడు తోడు వెళ్లవలెను; బస్సు ఛార్జీ సంఘమే భరింపవలెను. స్త్రీల మైత్రి అతని యింటివారిని దర్శింపవలెను. విన్న మాట బయటికి పోనియ్యకూడదు. అతడు మరల పడినను, మరల తోడు వెళ్లవలెను.

దూరమునుండి వచ్చు మాటను ప్రభువు ఘనపరచెను. దగ్గరనున్న దాసులుగా మనము నిలుచుదుముగాక.