పేరు కోసం చేసిన మేలు

ఫలానా కంపెనీ వన్యప్రాణులను కాపాడుతున్నదని వింటే మనం వెంటనే అనే మాట ఒకటుంది: "అంతా పేరు కోసమే లెండి!" కావచ్చు. అయితే పేరు కోసం చేసినంత మాత్రాన మేలు మేలు కాకుండా పోతుందా?

గుజరాత్ తీరాన జరిగినది చూడండి. చేపలన్నిటిలోకీ పెద్దదైన తిమింగల సొర అక్కడి సముద్రానికి వస్తుంటుంది. మనిషి జోలికి రాని సాధుజీవి. పడవలకు పూసే కాలేయపు నూనె కోసం, ఎగుమతి చేసే మాంసం కోసం ఒకప్పుడు దానిని విరివిగా చంపేవారు. 2001లో చట్టం ఆ వేటను నిషేధించింది. కానీ చట్టం ఒడ్డున ఉంటుంది, వల నడిసముద్రంలో ఉంటుంది. అందుకే 2004లో టాటా కెమికల్స్ కంపెనీ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ మరికొందరితో కలిసి జాలరుల మధ్య ప్రచారం ప్రారంభించాయి. రామకథ చెప్పే మొరారి బాపు ఆ చేపను పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురితో పోల్చారు. ఆ మాట జాలరుల గుండెను తాకింది. నాటినుండి వలలో చిక్కిన సొరలను వందల సంఖ్యలో, వల కోసి మరీ వదిలిపెట్టారు. తెగిన వలకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది.

పసివాడు కొనవచ్చినా ఎక్కువ ధర పుచ్చుకోని దుకాణదారుని గురించి 1785లో తత్త్వవేత్త కాంట్ వ్రాశాడు. తన వ్యాపారం బాగుండాలనే అలా చేస్తే అందులో నైతిక విలువ లేదన్నాడు. నిజమే. కానీ పసివాడు మోసపోలేదు గదా! విడుదలైన సొరకూ కంపెనీ ఉద్దేశంతో పనిలేదు. మేలు పొందినవారికి పని చాలు. ఉద్దేశం చేసినవారి లెక్క. పైగా న్యాయమైన పనులు చేస్తూ చేస్తూనే మనిషి న్యాయవంతుడౌతాడని అరిస్టాటిల్ బోధించాడు. పేరు కోసం మొదలైనది అలవాటై, అలవాటు గుణం కావచ్చు.

అయితే ఒక హెచ్చరిక. ఒకచోట చేసిన మేలును మరొకచోట చేసే కీడుకు రసీదుగా ఏ కంపెనీ చూపరాదు. మేలు బేరం కాదు.

మరొక సంగతి కూడా గమనించండి. పరిహారం తరువాత వస్తుంది. వల ముందు తెగుతుంది. ఆ కత్తి పట్టినవాడు జాలరి. గుజరాత్‌లోని వేరావల్ రేవు పడవలపై మన శ్రీకాకుళం బిడ్డలూ పనిచేస్తున్నారు. ఫలకాలపై వారి పేర్లు కనబడవు. ఎవరూ చూడని నడిసముద్రంలో, తన సొమ్ము తెగుతుండగా చేసిన మేలుకు ఉద్దేశమేమిటని అడగనక్కరలేదు.

కాబట్టి కంపెనీ చేసిన మంచిని మంచి అందాం. ఆపైన మనల్ని మనం అడుగుదాం: మన పొలం గట్టున, చెరువు ఒడ్డున, చూసేవారెవరూ లేనప్పుడు, మనకు నష్టమైనా సరే, ఏ ప్రాణిని బ్రతకనిచ్చాం?