ఒడ్డుననే వేయవలసిన లెక్క



తన ప్రాణమును తానే అపాయములో పెట్టుకొను మనుష్యుడు తనకు మాత్రమే జవాబుదారియా, లేక ఇతరులకు కూడనా? "నా ప్రాణము నాది, నీకేమి?" అని పలుకువారు ప్రతి ఊరను ఉన్నారు. పనికి పూనుకొనుటకు ముందు లెక్క వేసికొనువానిని చూచి "వీనికి ధైర్యము చాలదు" అని నవ్వువారును ఉన్నారు. ఈ మాటలు ఎంతవరకు నిజమో, మనకు మిక్కిలి దూరమైన యొక పనిని తీసికొని ఆలోచింతము. అది చల్లని నీటి లోతులలోనికి దిగి చూచివచ్చు ప్రయాణము.

1943లో ఫ్రాన్సు దేశమందు జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అను ఇద్దరు, సిలిండరులోని గాలిని నీటి అడుగున పీల్చుకొనుటకు తగిన పరికరమును సిద్ధపరచిరి. అట్లు నీటిలోనికి దిగుటను స్కూబా డైవింగు అందురు. దీనికై అనేకులు వెచ్చని సముద్రములకు పోవుదురు గాని, కొందరు ఐస్‌లాండు దేశమునకు పోవుదురు. అక్కడ తింగ్‌వెల్లిర్ అను జాతీయ వనములో సిల్ఫ్రా అను నేలచీలిక యున్నది. లాంగ్‌యోకుల్ అను గొప్ప మంచుమేట కరగిన నీరు, లావా రాళ్లలో ఏండ్ల తరబడి ఇంకి, వడగట్టబడి ఆ చీలికలో ఊరుచున్నది. 100 మీటర్ల దూరము కనబడునంత తేటనీరది. అయితే ఏడాది పొడవునను దాని వేడిమి 2 మొదలు 4 డిగ్రీలు మాత్రమే. నీరు గడ్డకట్టు 0 డిగ్రీలకు అది ఎంతో దూరము కాదు.

నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా ఒంటి వేడిమిని లాగివేయును. మొదట వ్రేళ్లు మొద్దుబారును. తిప్పవలసిన మరను తిప్పలేవు. పిమ్మట బుద్ధియు మందగించును. కావున దిగువారు నీరు చొరని డ్రై సూటును, దాని లోపల వెచ్చని దుస్తులను ధరింతురు. నేర్వనివానికి అదియు అపాయమే. దానిలోని గాలి కాళ్లవైపు చేరిన యెడల మనిషి తలక్రిందులై, పట్టు తప్పి, వేగముగా పైకి తేలిపోవును. అట్లు తేలినవానికి ఊపిరితిత్తులు చెడవచ్చును, రక్తములో బుడగలు పుట్టవచ్చును. అందుచేతనే డ్రై సూటులో శిక్షణగాని అనుభవముగాని లేనివారిని సిల్ఫ్రాలో దిగనియ్యరు. దిగినవారును 18 మీటర్ల లోతు దాటరాదు, గుహలలో దూరరాదు.

ఇంకొక అపాయము కలదు. సిలిండరులో గాలి గొప్ప ఒత్తిడితో నిండియుండును. బయటికి వచ్చునపుడు అది చల్లబడును. చుట్టునున్న నీరును చల్లనిదే గనుక, రెగ్యులేటరు అను శ్వాస పరికరములో మంచు పేరి, దాని కవాటము మూతపడకుండ నిలిచిపోవచ్చును. అప్పుడు గాలి ఆగక వెలికి పోయి, కొన్ని నిమిషములలోనే సిలిండరు ఖాళీయగును.

అట్టి వేళ వానికి దిక్కెవరు? ప్రక్కనున్న తోటివాడే. అతడు తన సిలిండరునకున్న రెండవ గొట్టమును వాని నోటికి అందించును. ఇద్దరును ఒకే సిలిండరులోని గాలి పీల్చుకొనుచు పైకి వత్తురు. చలికి తగని పరికరమును అజాగ్రత్తగా తెచ్చినవాని తప్పును అతని తోటివాడు తన ఊపిరితో తీర్చుచున్నాడు. ఇక "నా ప్రాణము నాది" అను మాట ఎట్లు నిలుచును? మన పల్లెలలోను, లోపలి గాలి పరీక్షింపకయే పాడుబావిలో దిగినవాడు పడిపోగా, వానిని తీయబోయినవాడును పడిపోయిన సంగతులు మనము వినియున్నాము.

"అంత అపాయమైన యెడల ఇంట నుండరాదా?" అని ఎవరైన అడుగవచ్చును. సముద్రము మీదికి పోవు జాలరియు, తాడియెక్కు గీతగాడును ప్రతిదినము అపాయముతోనే బ్రదుకుచున్నారు. అది వారికి కూటికొరకు. ఇది వీరికి చూడముచ్చటకొరకు. కాబట్టి వీరికి జాగ్రత్త విధి మరి యెక్కువే గాని తక్కువ కాదు. అయినను సృష్టిలోని యందమును చూడగోరుట తప్పు కాదు. దాని ఖరీదు మరియొకనిచేత కట్టించుటయే తప్పు.

దిగువారిలో ఒక మంచి కట్టుబాటు కలదు. ఎవడైనను, ఎప్పుడైనను, కారణము చెప్పకయే "ఇక చాలు" అని సైగ చేయవచ్చును. అందరును తిరుగవలెను, ఎవరును ఎగతాళి చేయరాదు. దీనిని ఒడ్డుననే ఒప్పుకొందురు. ఏలయన డబ్బు ఖర్చుపెట్టి, నెలల తరబడి కాచియుండి, నీటియంచున నిలిచినవానికి "ఇంత దూరము వచ్చి తిరిగిపోవుదునా?" అను సిగ్గు అడ్డము వచ్చును. ఎంత గాలి మిగిలినపుడు తిరుగవలెనో ముందే నిర్ణయింతురు. పలుమార్లు దిగినవాడు కనీసము 18 గంటలు గడువక విమానమెక్కరాదని నిపుణులు చెప్పుదురు. కావున ప్రయాణపు లెక్కలో ఒక ఖాళీ దినమును గూడ వేయవలెను. ఆ దినము వ్యర్థమని తీసివేయువాడు, దిగుటకే లెక్క వేసెను గాని ఇల్లు చేరుటకు వేయలేదు.

లూకా సువార్త 14వ అధ్యాయములోని గోపురము కట్టదలచినవాని ఉపమానము మనకు తెలిసినదే. అక్కడ లెక్క వేయవలసిన వేళ పునాదికి ముందే గాని తరువాత కాదు. ముందు చూచుట పిరికితనము కాదు. తోటివానిని ప్రేమించుటలో అదియొక విధము.

సిల్ఫ్రా మనలో నూటికొక్కడైనను చూడడు. అయినను కూతురి పెండ్లికి అప్పు చేయుదుము. పొరుగువానిచేత హామీ సంతకము చేయింతుము. పంట పోయిన యెడల ఆ బాకీ ఎవరి గుమ్మము తట్టును? ఈ నెలలో మనము తలపెట్టిన పని ఏదైనను, అది చెడిన వేళ ఎవరి ఊపిరి మనము పంచుకొనవలసివచ్చునో ఆలోచింతము. దిగకముందే వారితో కూర్చుండి మాటలాడుదము. వద్దని వారు చెప్పిన యెడల, సిగ్గుపడక తిరిగివత్తము.