గవ్వ వెయ్యకముందు చెప్పాలి

మొవ్వ,
కార్తీక మాసం.

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీర్వదించి రాసేది.

నువ్వు ఫోన్లో చెప్పిన సంగతి రెండు రోజులుగా మనసులో తిరుగుతూనే ఉంది. హైదరాబాదులో ప్రతి శనివారం ఏడుగురు స్నేహితులు మీ గదిలో చేరి బల్ల మీద ఆటలు ఆడుకుంటున్నారని మొదట విన్నప్పుడు ఎంత సంతోషించానో! ఇప్పుడేమో ఒక అబ్బాయి అలిగి రావడం మానేశాడనీ, ఒకమ్మాయిని తొండి ఆడావని అందరూ అన్నారనీ అంటున్నావు. ‘మీరు వేసవంతా అరుగు మీద అష్టాచెమ్మా ఆడేవాళ్ళు కదా, కొట్టుకోలేదా?’ అని అడిగావు. కొట్టుకున్నాం తల్లీ. అది ఫోన్లో చెప్పేది కాదని కాగితం తీసుకున్నాను.

మా చిన్నప్పుడు మినుములు ఇంటికి చేరి, కాలువలు కట్టేశాక పొలం పని ఉండేది కాదు. ఎండ కాస్త వాలగానే అరుగు మీద సుద్దముక్కతో 25 గళ్ళు గీసేవాళ్ళం. నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. ఒకరివి చింతపిక్కలు, ఒకరివి గాజుముక్కలు, ఒకరివి చీపురుపుల్లలు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్టా, ఏది పడినా ఇంకో పందెం. ఎదుటివాళ్ళ కాయ ఒకటైనా చంపకుండా లోపలి వరసలోకి పోకూడదని మా వీధి పద్ధతి. అవనిగడ్డ నుంచి మా ఇంటికి కొత్త కోడలుగా వచ్చిన పిన్నికి ఈ పద్ధతి తెలియదు. మొదటిరోజే ఆవిడ కాయ నేరుగా లోపలికి వెళ్ళబోతే పిల్లలమంతా ‘తొండి, తొండి’ అని అరిచాం. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా నాయనమ్మ లేచొచ్చి గవ్వలన్నీ ఒళ్ళో వేసుకుని మమ్మల్నే కోప్పడింది. ఎవరి అరుగు మీద ఆడితే వాళ్ళ పద్ధతే, కానీ అది గవ్వ వెయ్యకముందు చెప్పాలి, కాయ సగం దారి నడిచాక చెప్తే అది ఉచ్చు పన్నడమే అంది. ఆ ఆట చెరిపించి మళ్ళీ మొదటినుంచి ఆడించింది.

మీ తగువులు చాలావరకు ఇక్కడే పుట్టాయని నాకు అనిపిస్తోంది. ఆ కాటాన్ ఆటలో ఇచ్చిపుచ్చుకునే బేరాలు ఉంటాయన్నావు. బేరంలో ఇచ్చిన మాట తరవాత తప్పవచ్చా, కూడదా అని ముందే అనుకున్నారా? పెట్టెలో పుస్తకం ఉంది కదా అనకు. పుస్తకం ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు వాళ్ళ నోటి నుంచి వింటారు. చదివినవాళ్ళకి లాభం చేసే చట్టం ఆట మధ్యలో బయటికొస్తే, అది నిజంగా పుస్తకంలో ఉన్నా సరే, వినేవాళ్ళకి మిగిలేది అనుమానమే. అలాంటిది దొరికితే ఆ రోజుకి వదిలెయ్యండి, వచ్చే శనివారం నుంచి పాటించండి.

సభాపర్వం గుర్తుందా? పందేలు ఒడ్డేది నేను, పాచికలు వేసేది మా మామ అని దుర్యోధనుడు అన్నప్పుడు, ఒకరి తరఫున ఇంకొకరు ఆడటం పద్ధతి కాదని ధర్మరాజుకి తెలుసు. ఆ మాట పైకి అన్నాడు కూడా. అన్నాక లేచి రాలేదు, కూర్చుని ఆడాడు. నాకు ఆ కథలో అన్నిటికన్నా బాధ కలిగించే చోటు అదే. నచ్చని పద్ధతిని ముందే కాదనడానికి, ఒప్పుకోకపోతే లేవడానికి మీ గదిలో ప్రతివాళ్ళకీ చనువు ఉండాలి. లేచినవాళ్ళని ఎగతాళి చెయ్యకూడదు.

కొత్తగా చేరేవాళ్ళ విషయంలో మనవాళ్ళకి అందమైన మాట ఒకటి ఉంది, ఆటలో అరటిపండు. చిన్నపిల్లని చేర్చుకుని, దాని ఓటమి లెక్కలోకి తీసుకోకుండా ఆడించడం. మీ దగ్గరకి మొదటిసారి వచ్చినవాళ్ళని ఒక్క ఆట అలా ఆడించండి. రెండో ఆటకి మాత్రం అందరితో సమానంగా చూడండి. ఎదిగినవాళ్ళని అరటిపండుగానే ఉంచితే అది అవమానం.

రోగాల మీద అందరూ ఒక పక్షమై పోరాడే ఆట, పాండెమిక్ అన్నావే, అందులో ఒకబ్బాయి అందరి ఎత్తులూ తనే చెబుతాడట. పులిజూదంలో మాకూ ఈ బాధ ఉండేది. 3 పులులు, 15 మేకలు. మేకలు ఆడేవాళ్ళకి ఓపిక కావాలి. చుట్టూ నిలబడ్డవాళ్ళకి అది ఉండదు, ‘అక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు’ అని వేలు పెడతారు. మా తాతయ్య అడిగితే తప్ప పెదవి విప్పేవారు కాదు. ఓడిపోయాక పక్కన కూర్చోబెట్టుకుని, పులికి ఎక్కడ దారి వదిలావో చూపించేవారు. అలా నేర్చుకున్నది నాకు ఇప్పటికీ మరపు రాలేదు. ఆ అబ్బాయికి తెలివి ఎక్కువ కావచ్చు. పక్కవాళ్ళ వంతు వాళ్ళదేనని నువ్వే నెమ్మదిగా, నలుగురిలో కాకుండా చెప్పు.

ఇక అలిగిన అబ్బాయి. తప్పు వాడిదేనని తీర్మానించుకోకముందు ఆ సాయంత్రం ఏం జరిగిందో గుర్తు చేసుకో. ముగ్గురు కలిసి మొదటి అరగంటలోనే వాడిని ఆటలోంచి తోసేశారనీ, తరవాత రెండు గంటలు గోడకి ఆనుకుని కూర్చున్నాడనీ నువ్వే చెప్పావు. అష్టాచెమ్మాలో కాయ చచ్చినా మనిషి లేవక్కర్లేదు, కాయ మళ్ళీ తన ఇంటినుంచి బయల్దేరుతుంది. అందుకే ముసలీ ముతకా పొద్దుగూకేదాకా కూర్చోగలిగేవాళ్ళు. మనిషిని లేపేసే ఆటలు ఆడొద్దనను, పొట్టివి చూసి ఆడండి. ఓడటం పెద్దవాళ్ళకీ తప్పదు. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగం గెలిచింది. 2025 జులైలో బటూమిలో మహిళల ప్రపంచ కప్పు ఫైనల్లో, తన వయసులో సగం ఉన్న 19 ఏళ్ళ దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. చదరంగంలో నీ వంతులో పావును ముట్టుకుంటే దాన్నే కదపాలి. సర్దాలంటే ముట్టుకోకముందే సర్దుతున్నానని చెప్పాలి. నాయనమ్మ మాటే!

డబ్బు మాత్రం వద్దు. రమ్మీ నేర్పుతో కూడిన ఆటేనని సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లోనే అంది, 2020లో మన ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచు, పదిరూపాయలు బల్లమీదికొచ్చిన రోజు మీరు స్నేహితుల మొహాలు చూడటం మానేస్తారు. అలాగే, నేను పంపిన బందరు లడ్డూ తిన్న చేత్తో ఎవరూ కార్డులు ముట్టుకోవద్దు. చింతపిక్క పోతే ఇంకోటి తెచ్చుకుంటాం, ఆ పెట్టెలో ఒక్క బిళ్ళ పోతే ఆటే పోతుంది. లెక్కపెట్టి సర్దాకే అందరూ లేవాలి.

తొండి ఆడిందన్న అమ్మాయి గురించి ఎంతకీ రాయలేకపోయాను. ఎందుకో చెప్తాను. నాకు పన్నెండేళ్ళప్పుడు మా మేనత్త కళ్ళకి శుక్లాలు వచ్చాయి. గవ్వలు వేసి ‘ఎంత పడిందే?’ అని నన్నే అడిగేది. ఒకరోజు చెమ్మ పడింది. చెమ్మంటే నాలుగు. అత్త కాయ నాలుగు గళ్ళు నడిస్తే, పండబోయే నా ఆఖరి కాయ చస్తుంది. మూడన్నాను. అత్త కాయని మూడు గళ్ళు నడిపించింది. తరవాత గవ్వలు ఏరబోతూ, వేళ్ళతో ఒక్కొక్కదాన్నీ తడిమింది. నాలుగూ వెల్లకిలానే ఉన్నాయి. ఏమీ అనకుండా వాటిని నా చేతిలో పోసింది. మర్నాటి నుంచి అరుగు మీదికి వచ్చేది, మా పక్కనే కూర్చునేది, ‘నడుం నొప్పిగా ఉంది, మీరు ఆడుకోండి’ అనేది. ఆవిడ పోయేదాకా ఆ మాట ఎత్తలేకపోయాను.

ఆ అమ్మాయి నిజంగా తొండి ఆడి ఉంటే, ఒప్పుకోవడానికి దానికి ఒక సందు ఇవ్వు. అలిగిన అబ్బాయికి ఈ శనివారం లోపల ఫోన్ చెయ్యి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ పెట్టెల్లో ఒకటి తెచ్చుకో, నేర్చుకుంటాను. గవ్వలు నా దగ్గర ఉన్నాయి. నా కుడికంటికీ పొర కమ్మిందని డాక్టరుగారు అన్నారు, ఎంత పడిందో నువ్వే చూసి చెప్పాలి.

మీ అమ్మమ్మ